గాజు ఫెన్స్ భేష్, గేటే సతాయించింది

సిడ్నీలో మా పెరట్లోని స్విమ్మింగ్ పూల్‌కి పాత ఫెన్స్ తీయించి గాజుది పెట్టించాం. న్యూ సౌత్ వేల్స్ రూల్ ప్రకారం ఎత్తు కనీసం 1.2 మీటర్లు ఉండాలి, కింద సందు 10 సెంటీమీటర్లు దాటకూడదు. ఆ కొలతలన్నీ సరిపోయాయి. వంటగదిలోంచి నీళ్లు మొత్తం కనిపిస్తున్నాయి, అందుకే పెట్టిన డబ్బు దండగ అనిపించలేదు.

పేచీ అంతా గేటుతోనే. అది బయటి వైపుకే తెరుచుకోవాలి, వదిలేస్తే దానంతటదే మూసుకుని గడియ పడాలి. మాది బార్లా తీసి వదిలితే ఠక్కున పడేది. నాలుగు వేళ్లంత తీసి వదిలితే మాత్రం గడియ దాకా వచ్చి ఆగిపోయేది. మా మూడేళ్లవాడికి ఆ సందు చాలదూ? బిగించినతను మొదటిసారి ఫోన్‌లోనే సర్దిచెప్పాడు. రెండోసారి గట్టిగా అడిగితే వచ్చి కీలులో స్ప్రింగ్ బిగించాడు. ఐదు నిమిషాల పని!

ఫెన్స్ బయట 90 సెంటీమీటర్ల లోపు పిల్లలు ఎక్కడానికి ఆసరా అయ్యేదేదీ ఉండకూడదని కూడా అతనే చెప్పాడు. తెనాలి నుంచి వచ్చిన అమ్మ తులసి కుండీ సరిగ్గా అక్కడే పెట్టింది, ఎండ బాగా తగులుతుందని. దాన్ని జరపడానికి ఆవిడని ఒప్పించేసరికి రెండు రోజులు పట్టింది.

గాజుకి ఐదు స్టార్లు, సర్వీసుకి మూడు.