వ్యాగన్ల మీద వెదరింగ్ పౌడర్లు: నాలుగేళ్ల వాడకం తర్వాత

మోడల్ రైళ్ల వ్యాగన్లు వాడి మాసినట్టు కనిపించడానికి అద్దే రంగు పొడులే వెదరింగ్ పౌడర్లు. హెచ్‌ఓ స్కేల్, అంటే అసలు సైజులో 87వ వంతు (1:87) ఉండే గూడ్సు వ్యాగన్ల మీద నాలుగేళ్లుగా ఈ పౌడర్లే వాడుతున్నాను. దుమ్ముకీ మసికీ వీటికి సాటి లేదు. తుప్పు చారలకు మాత్రం ఆయిల్ కలర్లే వాడాలి.

ఫ్యాక్టరీ పెయింటు నున్నగా ఉంటుంది కాబట్టి పౌడర్ నిలవదు, వేలు తగిలితే ఊడిపోతుంది. వ్యాగన్‌ను సబ్బు నీళ్లతో కడిగి, బాగా ఆరనిచ్చి, అక్రిలిక్ మ్యాట్ వార్నిష్ పలుచగా ఒక పూత కొట్టి ఒక రోజు వదిలేయాలి. తర్వాత మెత్తటి కుంచెతో కొద్దికొద్దిగా అద్దాలి: పైకప్పుకు మసి నలుపు, గోడల అడుగున లేత మట్టి రంగు, బోగీలకు (అడుగున చక్రాలను పట్టి ఉంచే చట్రాలకు) ముదురు గోధుమ. గోడల మీద కుంచెను పై నుంచి కిందికే లాగాలి, వాన నీళ్లు జారేది అటే.

అసలు చిక్కంతా పౌడర్ ఊడకుండా పైన కొట్టే చివరి వార్నిష్ పూతతోనే. వార్నిష్ తడి తగలగానే లేత రంగులు దాదాపు మాయమైపోతాయి. రేణువుల మధ్య గాలి ఉన్నంతవరకే వెలుగు చెదిరి దుమ్ము తెల్లగా కనిపిస్తుంది. ఆ సందులు నిండితే రంగు ముదురుతుంది. అందుకే దుమ్మును కావలసినదానికంటే ఎక్కువే అద్ది, దూరం నుంచి తుంపరగా రెండు మూడు సార్లు కొట్టాలి, మధ్యలో మళ్లీ పౌడర్ వేయాలి. చేతిలోకి తీసుకోని వ్యాగనైతే అసలు కొట్టకపోవడమే మేలు. గాలిలో తేమ ఎక్కువున్న రోజు స్ప్రే వార్నిష్ ముట్టుకోవద్దు, తెల్లగా పాలిపోతుంది. మ్యాట్ వార్నిష్ మీద ఆల్కహాల్ వాష్ (ఆల్కహాల్‌లో బాగా పలుచన చేసిన రంగు) వేసినా ఇదే గతి. వాష్ ముందు, వార్నిష్ తర్వాత.

తుప్పుకు బర్న్ట్ సియెన్నా (ఎర్ర గోధుమ), బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ) ఆయిల్ కలర్లు చాలు. తలుపు కీలు కింద సూది మొనతో చుక్క పెట్టి, వైట్ స్పిరిట్ (ఆయిల్ కలర్లను పలుచన చేసే ద్రావకం)లో ముంచి గుడ్డకు ఒత్తేసిన చదును కుంచెతో ఒక్కసారి కిందికి లాగాలి. కుంచె తడిగా ఉంటే చార కాదు, మరక మిగులుతుంది. చుక్క సైజు విషయంలో పిసినారిగా ఉండండి: ఇక్కడ 1 మిల్లీమీటరంటే అసలు వ్యాగన్ మీద దాదాపు 9 సెంటీమీటర్ల మచ్చ!

పని మొదలుపెట్టే ముందే చక్రాలు ఊడదీయాలి. యాక్సిల్ మొనలు కూర్చునే గుంటల్లో పౌడర్ గానీ వార్నిష్ గానీ చేరితే వ్యాగన్ దొర్లడానికి మొరాయిస్తుంది. చక్రాల ముఖాలకు రంగు వేయొచ్చు, పట్టాలను తాకే అంచు మాత్రం శుభ్రంగా తుడిచెయ్యాలి. వ్యాగన్లను ఒకదానికొకటి తగిలించే కప్లర్ దవడకు పెయింటు అంటితే స్ప్రింగ్ బిగుసుకుని వ్యాగన్లు కలవవు. దానికి గోధుమ రంగు పౌడర్ పొడిగా రాస్తే సరిపోతుంది.