బీన్స్ పాదా, మోండో గ్రాసా: ఖాళీ నేలకు ఏది మేలు?

గోడ వెంట నాలుగడుగుల ఖాళీ నేల ఉంటే చాలు, ఇంట్లో రెండు పక్షాలు తయారవుతాయి. కూరగాయలు వేద్దామని ఒకరంటారు. ఏడాది పొడవునా పచ్చగా ఉండే మొక్కతో కప్పేస్తే రోజూ చూసుకునే పని ఉండదని ఇంకొకరంటారు. మొదటి పక్షాన బీన్స్‌ను, రెండో పక్షాన మోండో గ్రాస్‌ను నిలబెట్టి చూద్దాం. రెండూ నేను పెంచినవే, రెండింటితోనూ చేతులు కాల్చుకున్నవాడినే.

పేరులో గ్రాస్ ఉన్నా మోండో గ్రాస్ గడ్డిజాతి కాదు, శతావరి కుటుంబానికి చెందిన మొక్క. జపాన్, చైనా, కొరియా వైపు చెట్ల నీడల్లో పుట్టింది. బీన్స్ పుట్టిల్లు మధ్య, దక్షిణ అమెరికా. ఈ పుట్టుకలు గుర్తుంటే తక్కిన తేడాల్లో సగం ఎవరూ చెప్పకుండానే అర్థమవుతాయి.

అన్నిటికన్నా ముందు చూడవలసింది ఎండ. బీన్స్‌కు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు నేరుగా పడే ఎండ కావాలి. ఈ లెక్కను పట్టించుకోకుండా ఒకసారి చెట్టు కింద తీగ బీన్స్ వేశాను. మొలకలు చక్కగా వచ్చాయి, తీగలు వెలుతురు కోసం సన్నగా సాగి పందిరి దాటిపోయాయి, ఆకులు చూసి నేను మురిసిపోయాను. చివరికి దక్కినవి గుప్పెడు కాయలు. అదే చోట మోండో గ్రాస్ నాటితే హాయిగా కుదురుకుంది. దానికి పాక్షిక నీడ ఇష్టం, చిక్కటి నీడనూ తట్టుకుంటుంది. మిట్టమధ్యాహ్నపు ఎండ నేరుగా పడితే మాత్రం ఆకు కొనలు గోధుమరంగుకు తిరుగుతాయి. కాబట్టి చాలామంది విషయంలో ఏది మేలో తేల్చేది వాళ్ల ఇష్టం కాదు, ఆ గోడ నీడ. ఒక రోజు గంటగంటకూ వెళ్లి ఎండ ఎక్కడ పడుతోందో చూసుకోండి.

మట్టి దగ్గర రెండింటికీ పెద్ద తగవు లేదు. నీరు నిలవకూడదు, సేంద్రియ పదార్థం బాగా ఉండాలి, అంతే. కానీ బీన్స్ నాటే తీరులో కొన్ని మెళకువలున్నాయి. విత్తనాన్ని నేరుగా నేలలోనే వేయాలి, ఎందుకంటే నారు పీకి నాటితే వేళ్లు దెబ్బతిని మొక్క కోలుకోదు. మూడు నాలుగు సెంటీమీటర్ల లోతు చాలు. మట్టి చల్లగా, తడిగా ఉంటే గింజ మొలవకముందే కుళ్లిపోతుంది. మట్టి ఉష్ణోగ్రత కనీసం 15 డిగ్రీలు దాటాకే విత్తడం మంచిది. పొద రకాలకు మొక్కకూ మొక్కకూ 10 నుంచి 15 సెంటీమీటర్లు వదలండి, తీగ రకాలకు ముందే పందిరి కట్టండి. తీగ అల్లుకున్నాక కర్రలు గుచ్చబోతే వేళ్లు తెగుతాయి.

ఎరువు విషయంలో చెయ్యి బిగించాలి. నత్రజని ఎక్కువైతే బీన్స్ ఆకులు పెంచుకుంటూ కూర్చుంటాయి, పూత మరిచిపోతాయి. వేరు బుడిపెల్లోని రైజోబియం బాక్టీరియా గాలిలోని నత్రజనిని కొంత పట్టి ఇస్తుంది కదా అని అసలు ఎరువే వేయనివారూ ఉన్నారు. అది కూడా సరికాదు. పప్పుజాతి మొక్కల్లో ఈ పనిలో బీన్స్ కాస్త బద్ధకపుదే. విత్తే ముందు మాగిన కంపోస్టు కలిపితే సరిపోతుంది.

నీటి అవసరంలో తేడా బాగా కనిపిస్తుంది. పూత, పిందె దశలో బీన్స్‌కు తడి తప్పితే పూలు రాలిపోతాయి. ఎండ తీవ్రత 32 డిగ్రీలు దాటితే నీరున్నా పూత నిలవడం కష్టమే. ఆకులు తడిగా ఉన్నప్పుడు మొక్కల మధ్య తిరిగితే తుప్పు తెగులు ఒకదాని నుంచి ఇంకోదానికి మన చేతులమీదుగానే పాకుతుంది. కాయలు మొదలయ్యాక రెండు మూడు రోజులకోసారి కోయాలి, వదిలేస్తే గింజ ముదిరి మొక్క కొత్త పూత ఆపేస్తుంది. పొద రకాలు 50 నుంచి 60 రోజుల్లో కాపుకొస్తాయి. తీగ రకాలు కొంత ఆలస్యమైనా ఎక్కువకాలం కాస్తాయి. ఆ కొద్ది వారాలూ ఊరెళ్లే పని పెట్టుకోకండి.

మోండో గ్రాస్ కష్టమంతా మొదట్లోనే. దుబ్బును విడదీసి పిలకలు నాటాలి. 20 సెంటీమీటర్ల దూరాన నాటితే చదరపు మీటరుకు 25 పిలకలు పడతాయి. మొదటి ఏడాది నీళ్లు పోయాలి, కలుపు తీయాలి. ఇది నెమ్మదైన మొక్క, నేలంతా కప్పడానికి రెండేళ్లకు తక్కువ పట్టదు. ఆ రెండేళ్లలో ఖాళీల్లో తుంగ, గరిక దూరితే తర్వాత వాటి వేళ్లు దీని వేళ్లతో ముడిపడి వేరుచేయడం నరకం. నాటే ముందు కలుపును గడ్డలతో సహా తవ్వి తీయడంలో బద్ధకించాను, ఇప్పటికీ అనుభవిస్తున్నాను. ఒకసారి అల్లుకున్నాక మాత్రం కోత లేదు, ఎరువు గోల పెద్దగా లేదు. అయితే దాని మీద రోజూ నడిచే దారి పెట్టవద్దు, అంత తొక్కుడుకు ఓర్చుకోదు.

త్వరగా కప్పేయాలని తొందరపడి వెడీలియా నాటేవారున్నారు. పసుపు పూలతో ముచ్చటగానే ఉంటుంది, కానీ ప్రపంచంలోని వంద అత్యంత హానికర ఆక్రమణ జాతుల జాబితాలో దాని పేరుంది. దాన్ని వదిలించుకోవడం కంటే ఖాళీ నేలను చూస్తూ కూర్చోవడం నయం.

నా తీర్పు ఏమిటంటే, ఎండ తగినంత పడే నేలకు ముందు బీన్స్. పొరపాటు జరిగినా పోయేది రెండు నెలలే. మోండో గ్రాస్‌ను తప్పుచోట నాటితే ఆ సంగతి తెలిసేసరికి ఏళ్లు గడుస్తాయి, పీకడం అంతకంటే పెద్ద పని. నీడ నేలకైతే చర్చే లేదు, మోండో గ్రాసే. రెండూ ఒకే పాదులో పెట్టే ఆలోచన మాత్రం మానుకోండి. బీన్స్ వేళ్లు పైపైనే ఉంటాయి, చిక్కటి దుబ్బుల మధ్య వాటికి తిండి దొరకదు. పందిరి కింద కలుపు రాకూడదంటే ఎండుటాకులు పరిస్తే చాలు.

బీన్స్ కాపు అయిపోయాక మొక్కలను పీకకుండా మొదళ్ల దగ్గర కోసి, వేళ్లను మట్టిలోనే వదలండి. అప్పటికీ ఆ చోట పచ్చటి పరుపే కావాలనిపిస్తే, గుల్లబారిన ఆ మట్టిలో పిలకలు నాటడం చాలా తేలిక.