పుర్రచేతివాడి గిటారు

పెళ్లి ఆర్కెస్ట్రాల్లో ఇరవై ఏళ్లుగా గిటారు వాయిస్తున్నాను. సాయంత్రాలు విజయనగరం గంటస్తంభం దగ్గరి సందులో పాఠాలు చెప్తాను. స్నేహితుడొకడు ఊరెళ్తూ తన తెల్లటి ‘జిమీ హెండ్రిక్స్ స్ట్రాటోకాస్టర్’ ఎలక్ట్రిక్ గిటారుని నా దగ్గర పెట్టి వెళ్లాడు. పది రోజులు వాయించాను.

అమెరికా రాక్ గిటారిస్టు హెండ్రిక్స్‌ది పుర్రచెయ్యి. కుడిచేతి గిటారునే తిరగేసి, తీగెల వరస మార్చి కట్టుకుని వాయించేవాడు. అలా తిప్పితే గిటారు తలా తిరగబడుతుంది, బ్రిడ్జ్ (గిటారు ఒంటిమీద తీగెలు ఆనే చోటు) దగ్గరి పికప్ (తీగెల కదలికని అందుకునే అయస్కాంతపు ముక్క) ఏటవాలూ తిరగబడుతుంది. 2015లో ఫెండర్ కంపెనీ ఆయన పేరు మీద తెచ్చిన ఈ మోడల్లో ఆ రెండు తేడాలనీ కుడిచేతివాళ్లకి పనికొచ్చేలా అమర్చింది. తల వెనక ఆయన సంతకం ఉంది. దాన్ని నేను పెద్దగా పట్టించుకోలేదు. అసలు సన్మానం పికప్‌లో ఉంది.

మామూలు స్ట్రాటోకాస్టర్‌లో (మేం స్ట్రాట్ అంటాం) ఆ పికప్ సన్నతీగెల వైపు బ్రిడ్జ్‌కి దగ్గరగా ఉంటుంది. స్విచ్ ఆ పికప్ వైపు వేస్తే చెవిలో సూది గుచ్చినట్టే. ఇందులో దగ్గరగా ఉన్నది లావుతీగెల వైపు. సన్నతీగెలు మెత్తబడి, లావుతీగెలు ఖంగుమంటున్నాయి. పాత సినిమా పాటల్లో బేస్ మీద నడిచే బిట్లు దీనిమీద భలే పలికాయి. చిక్కల్లా శ్రుతి చేసేటప్పుడే. బిరడాలన్నీ కిందివైపు ఉన్నాయి. అలవాటుగా చెయ్యి పైకి వెళ్లి గాలిని తిప్పుతుంది. నాలుగు రోజులు పట్టింది సర్దుకోవడానికి. కొన్న షాపువాళ్లు తీగెల ఎత్తు సరిచెయ్యకుండానే ఇచ్చారట, అది నేనే చేసుకున్నాను.

ఈ హెండ్రిక్స్ లిటిల్ రిచర్డ్, ఐస్లీ బ్రదర్స్ లాంటి నల్లజాతి గాయకుల వెనక నిలబడి వాయించి వాయించి ముందుకొచ్చినవాడు. స్టేజీ మీద గాయకుడి వెనక, కీబోర్డు పక్కన నిలబడే మాలాంటి వాళ్లకి ఆ చోటు బాగా తెలుసు. 1969 వుడ్‌స్టాక్ సంగీతోత్సవంలో తెల్ల స్ట్రాట్ మీద అమెరికా జాతీయగీతాన్ని బాంబులు పడుతున్నట్టు వాయించాడు. మరుసటి ఏడే పోయాడు, 27 ఏళ్లకి. ఆ వీడియో నా దగ్గర నేర్చుకునే పిల్లలకి చూపించాను.

వాళ్లలో ఒకమ్మాయిది పుర్రచెయ్యి. అన్నం తినేటప్పుడు ఇంట్లో ఇప్పటికీ తిట్లు తింటుంది. గిటారు మాత్రం కుడిచేత్తోనే నేర్పించాను, ఎడమచేతి గిటారు కొనే స్తోమత వాళ్లకి లేదు.

"అదేటి మాస్టారూ, ఆయనదీ పుర్రచెయ్యే కదా, మరిది కుడిచేతోళ్లకెందుకు చేసారు?" అంది.

నా దగ్గర జవాబు లేదు. గిటారు దాని చేతికిచ్చాను. తిరగేసి పట్టుకుంది. బిరడాలు పైకొచ్చి, తల మామూలు గిటారు తలలా నిలబడింది. రెండు మీట్లు మీటిందో లేదో, మోచెయ్యి వాల్యూమ్ నాబ్‌కి తగిలి సౌండ్ పడిపోయింది.