"తాండ్ర అక్క" అని సేవ్ చేసుకుంటే చాలు: వాట్సాప్ బిజినెస్ యాప్ మీద నా రివ్యూ

చిన్న వ్యాపారాల కోసం వాట్సాప్ వాళ్లే విడిగా, ఉచితంగా ఇచ్చే ఈ యాప్‌కి ఇంత పొడుగు రివ్యూ ఎందుకంటే, మా విజయనగరం, శ్రీకాకుళం వైపు ఇంట్లోంచి వ్యాపారం చేసుకునేవాళ్లలో చాలామంది ఫోన్‌లో ఈ యాప్ ఉంటుంది, కానీ మామూలు వాట్సాప్‌లాగే వాడుతుంటారు, అందులో ఉన్న అసలు సరుకు ముట్టుకోరు. ఇంకొందరు దీన్ని పట్టించుకోకుండా లోగోలకీ పోస్టర్లకీ డబ్బు పోస్తారు. ముందే చెప్పేస్తున్నాను, నాకు ఈ యాప్ బాగా నచ్చింది. అయితే అన్నీ వాడక్కర్లేదు, కొన్నిటిని వాడకపోవడమే మంచిది. ఏవేవో చెబుతాను.

నేను విజయనగరంలో పచ్చళ్లు, పొడులు చేసి అమ్ముతాను. వేసవిలో భీమాలి మామిడి తాండ్ర కూడా పెడతాను. తాండ్ర నేను చేసేది కాదు, భీమాలిలో చేసేవాళ్ల దగ్గర తెస్తాను, ఆ మాట అందరికీ చెప్పే అమ్ముతాను. కొనేవాళ్లు ఊళ్లో కొందరు, ఎక్కువమంది విశాఖలో, హైదరాబాద్‌లో ఉన్న మన జిల్లాల వాళ్లే. కొట్టు లేదు, బోర్డు లేదు. నన్ను చూసి, నా మాట విని కొంటారు. అంటే నా పేరే నా కొట్టు. ఇలాంటి వ్యాపారానికి ఈ యాప్ ఎంతవరకు పనికొస్తుందన్నదే నేను చూసింది.

యాప్ 2018 జనవరిలో వచ్చింది. ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ దొరుకుతుంది. ఒకే నంబరుతో మామూలు వాట్సాప్, ఇదీ రెండూ నడవవు, కాబట్టి వ్యాపారానికి వేరే నంబరు తీసుకోవడం మేలు. ఒకే ఫోన్‌లో రెండు సిమ్‌లు వేసుకుని, ఇంటి నంబరు మామూలు దాంట్లో, వ్యాపారం నంబరు ఇందులో పెట్టుకోవచ్చు. ల్యాండ్‌లైన్ నంబరుతో కూడా పెట్టుకోవచ్చు, నంబరు మనదేనని సరిచూసుకునే కోడ్ ఫోన్ కాల్‌లో చెబుతుంది. పాత కొట్లవాళ్లకి ఇది చాలా మంచి సంగతి, ఎందుకంటే ఆ నంబరు ఊళ్లో అందరికీ నోటికొచ్చే ఉంటుంది.

ఇక అసలు విషయం, బ్రాడ్‌కాస్ట్, అంటే ఒకే మెసేజ్‌ని ఒక లిస్టులోని వాళ్లందరికీ ఒకేసారి పంపడం. ఒక్కో లిస్టులో 256 మంది దాకా పెట్టొచ్చు. కొత్త ఆవకాయ వచ్చిందని ఒక్కసారి పంపితే ఎవరికి వాళ్లకి విడిగా వెళ్తుంది, గ్రూపులో పడేసినట్టు ఉండదు. కానీ ఒక షరతుంది: మన నంబరు వాళ్ల ఫోన్‌లో సేవ్ అయి ఉంటేనే ఆ మెసేజ్ వాళ్లకి చేరుతుంది. చాలామంది దీన్ని ఇబ్బంది అనుకుంటారు. నేనైతే ఈ యాప్ మొత్తంలో మనకి ఎక్కువ నేర్పేది ఈ షరతే అంటాను. మన దగ్గర కొన్న మనిషి మన నంబరు సేవ్ చేసుకున్నాడంటే మళ్లీ కొనాలని మనసులో ఉన్నట్టే. చేసుకోలేదంటే ఆ అమ్మకం అక్కడితో అయిపోయినట్టే. పర్సనల్ బ్రాండ్ అని క్లాసులు చెప్పేవాళ్లు రంగుల గురించీ ఫాంటుల గురించీ గంటలు గంటలు మాట్లాడతారు గానీ, ఫలానా మనిషి ఫోన్‌లో మన నంబరు ఏ పేరుతో సేవ్ అయి ఉందో అడిగి చూడండి, మీ బ్రాండ్ ఏంటో తెలిసిపోతుంది. నన్ను "తాండ్ర అక్క" అని సేవ్ చేసుకున్నవాళ్లు ఉన్నారు, "పచ్చళ్లు విజయనగరం" అని చేసుకున్నవాళ్లు ఉన్నారు. మొదటివాళ్లు ఫోన్ చేసి మాట్లాడతారు, ఇంట్లో పెళ్లి ఉంటే ముందే చెబుతారు, తెలిసినవాళ్లకి నంబరు ఇస్తారు. రెండోవాళ్లు రేటు అడుగుతారు. ఇద్దరూ కావాల్సినవాళ్లే, కానీ వ్యాపారం నిలబడేది మొదటివాళ్ల మీద.

అందుకే సేవ్ చేయించుకోవడం మీదే నా శ్రద్ధంతా. యాప్‌లో బిజినెస్ టూల్స్‌లోకి వెళ్తే మన చాట్‌కి ఒక షార్ట్ లింకు, క్యూఆర్ కోడ్ ఉంటాయి. ఆ కోడ్ ప్రింట్ తీయించి ప్రతి ప్యాకెట్ మీదా అంటిస్తాను. స్కాన్ చేస్తే నేరుగా నా చాట్ తెరుచుకుంటుంది, అందులో ముందే రాసిపెట్టిన వాక్యం కూడా వస్తుంది. నేను "అక్కా, మీ పార్సిల్ అందింది" అని పెట్టాను. వాళ్లు పంపడమే ఆలస్యం, నేను వెంటనే రుచి ఎలా ఉందో అడిగి, నంబరు సేవ్ చేసుకోమని చెబుతాను. ఆ అడగడానికి మొహమాటపడకండి. చిన్న వ్యాపారం పెట్టిన ఆడవాళ్లలో ఈ మొహమాటం చాలా ఎక్కువ, సరుకు ఎంత బాగున్నా ఇక్కడే వెనకబడిపోతారు.

ప్రొఫైల్ ఫొటో దగ్గర నాకు గట్టి అభిప్రాయం ఉంది. మొహం పెట్టండి. ఒక బ్రాండింగ్ ఏజెన్సీ వాళ్లు, పేరెందుకులెండి, నా ఫొటో తీసేసి బంగారు రంగు లోగో పెట్టమన్నారు, ఇంటర్నెట్‌లో దొరికే నిగనిగలాడే మామిడిపండ్ల బొమ్మలతో నెలకిన్ని పోస్టర్లు ఇస్తామన్నారు. అవి ఏ ఊరి పండ్లో, ఎవరి తోటవో! నేను ఒప్పుకోలేదు. గంటస్తంభం దగ్గర బజారులో మనం ఇప్పటికీ ఫలానా ఆయన కొట్టు అనే వెతుక్కుంటాం, బోర్డు మీద ఏం రాసుందో చాలామందికి గుర్తుండదు. ఫోన్‌లో కొనేవాళ్లకి ఆ మనిషి కనబడే చోటు ఆ చిన్న గుండ్రటి ఫొటో ఒక్కటే. దాన్ని బొమ్మకి ఇచ్చేయకండి.

ప్రొఫైల్‌లో అడ్రసు, పనివేళలు, మ్యాప్‌లో చోటు, వివరణ పెట్టుకోవచ్చు. వివరణలో నేను మూడు విషయాలు రాశాను: పచ్చళ్లు ఇంట్లో చేసినవి, తాండ్ర భీమాలిది, ఎఫ్ఎస్ఎస్ఏఐ (తినే వస్తువుల భద్రత చూసే కేంద్ర సంస్థ) ఇచ్చిన నంబరు ఇది. తినే వస్తువు అమ్మేవాళ్లు ఆ 14 అంకెల నంబరు అక్కడ పెట్టి తీరాలని నా అభిప్రాయం. అది ప్యాకెట్ మీద ఉండటం ఎలాగూ తప్పనిసరి, కానీ కొత్తవాళ్లు ప్యాకెట్ చూసేది కొన్నాక కదా, ప్రొఫైల్ చూసేది కొనకముందు. డబ్బు కట్టి తెచ్చుకునే నీలం టిక్కు కన్నా నాలాంటివాళ్లకి ఈ నంబరే ఎక్కువ గౌరవం తెస్తుంది.

క్యాటలాగ్ బాగుంది. 500 వస్తువుల దాకా పెట్టొచ్చట, మనకి అన్ని ఎక్కడున్నాయి, పాతిక ఉంటే గొప్ప. ఒక్కోదానికి ఫొటోలు, ధర, నాలుగు మాటలు రాసుకోవచ్చు, కొనేవాళ్లు కావాల్సినవి కార్ట్‌లో వేసి ఒకే మెసేజ్‌గా పంపొచ్చు. ధర దాచకండి. "రేటు కోసం ఇన్‌బాక్స్‌కి రండి" అనేవాళ్ల దగ్గర కొనడానికి నేనే ఇష్టపడను. ఫొటోలు పెరట్లో పొద్దుటి వెలుతురులో మీ గిన్నెలో పెట్టి తీయండి చాలు. లోటు ఏంటంటే స్టాక్ లెక్క అది చూసుకోదు. తాండ్ర అయిపోతే మనమే వెళ్లి ఆ వస్తువుని దాచాలి, మళ్లీ వచ్చాక తెరవాలి. సీజన్ మధ్యలో రద్దీగా ఉన్నప్పుడు ఈ పని గుర్తుపెట్టుకోవాలి.

వివరణ రాసేచోట అందరూ "రుచికరమైన, నాణ్యమైన, స్వచ్ఛమైన" అని రాస్తారు. అందరూ రాసేది రాస్తే మనం ఎవరికి గుర్తుంటాం? తాండ్ర కింద నేను అది ఎలా తయారవుతుందో రాశాను. రసం తీసి, తీపి కలిపి, చాపల మీద పలచగా పోసి ఎండలో ఆరనిచ్చి, ఆరిన పొర మీద మళ్లీ ఇంకో పొర పోస్తారు, అలా రోజుల తరబడి పొర మీద పొర. మధ్యలో వాన పడితే ఆ చాపలన్నీ పరుగున లోపలికి చేర్చాలి. ఇది చదివినవాళ్లు రేటు మీద బేరం తక్కువ ఆడతారు. ఎండ బాగా కాసిన ఏడాది సరుక్కీ, మబ్బులు పట్టిన ఏడాది సరుక్కీ తేడా ఉంటుందని కూడా రాశాను, అది నిజం కాబట్టి.

ఆటోమేటిక్ మెసేజ్‌ల దగ్గర జాగ్రత్త. గ్రీటింగ్ మెసేజ్ అని ఒకటుంది, మొదటిసారి రాసినవాళ్లకీ, 14 రోజులు మాట్లాడకుండా ఉండి మళ్లీ వచ్చినవాళ్లకీ దానంతటదే వెళ్తుంది. పనివేళలు కాని సమయంలో, మనం అందుబాటులో లేమని చెబుతూ వెళ్లే "ఎవే" (Away) మెసేజ్ ఇంకొకటి. ఇవి మంచివే, కానీ యాప్ ఇచ్చిన ఇంగ్లిషు వాక్యాన్ని అలాగే వదిలేస్తే బ్యాంకు వాళ్లు పంపినట్టుంటుంది. రోజూ మీరెలా మాట్లాడతారో అలా రాయండి. నాది "నమస్తే అండీ, వంటింట్లో ఉన్నాను, చెయ్యి ఖాళీ అవగానే నేనే రాస్తాను" అని ఉంటుంది. ఆ తర్వాత నిజంగా నేనే రాస్తాను.

క్విక్ రిప్లైలు కూడా అంతే. స్లాష్ కొట్టి చిన్న మాట టైపు చేస్తే ముందే రాసుకున్న జవాబు వచ్చేస్తుంది. అడ్రసు, యూపీఐ వివరాలు, పార్సిల్ ఛార్జీలు, ఇలాంటివాటికి చాలా సుఖం, టైపింగ్ బాధ సగం తగ్గుతుంది. కానీ సరుకు గురించి ఎవరైనా ఒక మాట అన్నప్పుడు దాన్ని అస్సలు వాడకూడదు. నా దగ్గర తరచూ కొనే పెద్దాయన ఒకాయన వాయిస్ మెసేజ్ పెడతారు: "ఏటమ్మా, ఈ మాటు తాండ్ర పులుపెక్కువున్నాదేటి?" దీనికి "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు" అని రెడీమేడ్ జవాబు పడితే ఆయన ఏమనుకుంటారు? నేను కూడా వాయిస్‌లోనే చెప్పాను, ఈసారి మొదటి కాపు పండు పులుపు తేలింది బాబాయ్, వచ్చే విడత తియ్యగా ఉంటుంది, అప్పుడు పంపిస్తాను అని. ఆయన ఊరుకోలేదు, వాళ్ల అమ్మాయి నంబరు ఇచ్చి, ఆవిడకి పులుపే ఇష్టం, ఇదే పంపమన్నారు.

లేబుళ్ల గురించి, అంటే ఒక్కో చాట్‌కి మనం తగిలించుకునే గుర్తుల గురించి, ఎవరూ చెప్పరు, నాకైతే అవే ఎక్కువ ఉపయోగం. కొత్త ఆర్డరు, డబ్బు రావాలి, డబ్బు వచ్చింది, ఇలా యాప్ ఇచ్చేవి కొన్ని ఉంటాయి, మన సొంతవి కలుపుకుని 20 దాకా పెట్టుకోవచ్చు. "వెల్లుల్లి వద్దు", "కారం తక్కువ", "బెల్లం తాండ్రే", "హైదరాబాద్ పార్సిల్" అని నావి నేను పెట్టుకున్నాను. ఎన్ని నెలల తర్వాత రాసినా, చాట్ తెరవగానే "వెల్లుల్లి లేకుండానే చేస్తాను లెండి" అని మనమే ముందు అంటే ఆ మనిషి ముఖం ఎలా వెలుగుతుందో ఊహించుకోండి. ఒక లేబుల్ ఉన్నవాళ్లందరికీ ఒకేసారి మెసేజ్ కూడా పంపొచ్చు. పార్సిల్ వేసే ముందు హైదరాబాద్ వాళ్లకి మాత్రమే చెబుతాను, మిగతావాళ్లని విసిగించక్కర్లేదు. దసరా తర్వాత మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి ఎక్కడెక్కడివాళ్లూ ఊరికి వస్తారు కదా, అప్పుడు వాళ్లకే విడిగా ఒక మాట రాస్తాను, తిరుగు ప్రయాణంలో పట్టుకెళ్లడానికి ఏం కావాలని.

స్టేటస్ 24 గంటలే ఉంటుంది, అదీ వాళ్ల నంబరు మన దగ్గర, మన నంబరు వాళ్ల దగ్గర ఉంటేనే కనిపిస్తుంది. ఇందులో గుడ్ మార్నింగ్ పూలు పెట్టేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది, అంత మంచి చోటు వృథా అవుతోందని. శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖద్దరు అమ్మే స్నేహితురాలు ఒకామె ఉంది. పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వడం చిన్న వీడియో తీసి స్టేటస్‌లో పెట్టింది, వెనక ఆమె గొంతే, ఏ పాటా లేదు. చీర ఫొటోలు ఎన్ని పెట్టినా పలకనివాళ్లు ఆ వీడియోకి రాశారు, ఇది మా నాయనమ్మ చెప్పేది, ఇంకా చేస్తున్నారా అని. మనకి రోజూ చూసి చూసి మామూలైపోయిన పనే బయటివాళ్లకి కొత్త. పొందూరులో పుట్టినవాళ్లకి అది తట్టదు, భీమాలిలో పుట్టినవాళ్లకి తాండ్ర చాపలు తట్టవు. తట్టేలా చెప్పాల్సింది పక్కనున్న మనమే.

డబ్బు కట్టి ఇచ్చే ప్రకటనల సంగతి నేను రాయను, నాలాంటి కొద్దిపాటి సరుకు చేసేవాళ్లకి వాటి అవసరం లేదు. వచ్చే ఆర్డర్లకి సరిపడా చేతులు ముందు ఉండాలి. లోగోకి పెట్టే డబ్బు చేతిలో ఉంటే, పేరు కాస్త నిలబడిందనిపించాక ట్రేడ్‌మార్క్‌కి, అంటే ఆ పేరు మనదేనని రిజిస్టర్ చేయించుకోవడానికి, పెట్టండి. ఆన్‌లైన్‌లో వ్యక్తులకీ చిన్న సంస్థలకీ ఒక్కో తరగతికి (సరుకుల రకాన్ని బట్టి చేసిన విభాగానికి) 4,500 రూపాయలు దరఖాస్తు ఫీజు, రిజిస్టరైతే 10 ఏళ్లు ఉంటుంది, మళ్లీ పొడిగించుకోవచ్చు.

యాప్ సరిపోనిది ఎవరికంటే, రోజుకి వందల ఆర్డర్లు వచ్చేవాళ్లకి. లెక్కలు, బిల్లులు, స్టాకు వేరేగా చూసుకోవాల్సిందే, నేను ఇప్పటికీ లెక్కలు నోటుపుస్తకంలోనే రాస్తాను. పచ్చళ్లు, తాండ్ర, టైలరింగ్, ట్యూషన్, బ్యూటీ పార్లర్, ఇలా మనిషిని నమ్మి వచ్చే పని ఏదైనా చేసేవాళ్లకి మాత్రం గట్టిగా చెబుతాను, పెట్టుకోండి. మామూలు వాట్సాప్ నుంచి అదే నంబరుతో ఇందులోకి మారితే పాత చాట్లు కూడా వస్తాయి, అయినా ముందు బ్యాకప్ తీసుకోండి. మారడమేదో మామిడి సీజన్ మొదలవకముందే చేసుకుంటే క్యాటలాగ్, లేబుళ్లు సర్దుకోవడానికి తీరిక ఉంటుంది, ఏప్రిల్ వచ్చాక ఫోన్ పట్టుకోవడానికి కూడా చెయ్యి ఖాళీ ఉండదు.