మచ్చా కప్పు, ఎనిమిదేళ్ల తరువాత

టోక్యోలోని నిషికసాయిలో కాపురం పెట్టిన ఈ ఎనిమిదేళ్లలో మా ఫ్రీజర్‌లో హాగెన్‌డాజ్ కంపెనీవారి మచ్చా (జపాన్ పచ్చ తేయాకు పొడి) ఐస్‌క్రీమ్ చిన్న కప్పు లేని వారం చాలా తక్కువ. అమెరికాలో పుట్టి, వినడానికి డెన్మార్క్ మాటలా ఉండే కల్పిత నామం పెట్టుకుని, 1984లో జపాన్‌లో అడుగుపెట్టిన ఈ కంపెనీ, ఇక్కడివారికి ప్రాణమైన తేయాకు పొడితోనే 1996లో వారిని మెప్పించగలిగింది. నన్ను కట్టిపడేసింది ఆ మచ్చా చేదే. తీపి మొదట తగులుతుంది, పాల చిక్కదనం నాలుకంతా పరుచుకుంటుంది, ఆ తరువాతే చేదు నెమ్మదిగా పైకి వస్తుంది. 1974 నుంచి ఇక్కడ దుకాణాలు నడుపుతున్న బాస్కిన్ రాబిన్స్‌కు, అంటే ఇక్కడి పిల్లలు పిలిచే ‘థర్టీ వన్’కు, రంగుల్లోనూ రకాల్లోనూ సాటి లేదు కానీ, నా నోటికి అక్కడి తీపి ఎక్కువ.

రెండేళ్ల కిందట ఆగస్టులో అమ్మ రాజమండ్రి నుంచి వచ్చింది. ఫోన్‌లో ఏళ్ల తరబడి పొగిడిన ఐస్‌క్రీమ్ కదా అని, స్టేషన్ దారిలోని ఒక చిన్న దుకాణంలో నాలుగు కప్పులు కొన్నాను. మూత కింది పల్చటి పొర తీయగానే తెల్లటి మంచు నూగు కనిపించింది. ఒకవైపు ఐస్‌క్రీమ్ కప్పు అంచును వదిలి లోపలికి ముడుచుకుపోయి ఉంది. చెంచా దించితే ఇసుకలో దించినట్లు కరకరలాడింది. అమ్మ రెండు చెంచాలు తిని, “ఐసు ముక్కలు నములుతున్నట్టుందిరా” అని పక్కన పెట్టేసింది. నాకు కలిగిన బాధ చెప్పలేను. తేదీ కోసం కప్పు తిరగేశాను, లేదు. మైనస్ 18 డిగ్రీల చలిలో ఉంచే ఐస్‌క్రీమ్ అంతగా పాడుకాదన్న కారణంతో, దానిపై తేదీ వేయకపోయినా జపాన్ నిబంధనలు అనుమతిస్తాయి. దుకాణం ఫ్రీజర్‌లో సరుకు ఒకసారి కరిగి మళ్లీ గడ్డకడితే, ఆ సంగతి కొనేవాడికి చెప్పే గుర్తు ఏదీ ఉండదు.

నేను ఇన్నాళ్లూ మెచ్చుకున్న గుణమే ఇక్కడ బలహీనత అయింది. ఇందులో మీగడ, చిక్కబరచిన పాలు, చక్కెర, గుడ్డు పచ్చసొన, మచ్చా తప్ప మరేమీ లేవు. మంచు పలుకులు పెరగకుండా చాలా కంపెనీలు కలిపే స్టెబిలైజర్లు లేనందువల్ల, చలి కాస్త తప్పినా ఆ నునుపు మిగలదు. మరుసటి వారం వేరేచోట కొని, పది నిమిషాలు బయట ఉంచి, అంచులు మెత్తబడ్డాక ఇచ్చాను. ఈసారి అమ్మ అడుగుదాకా తిని, చేదు మన డికాక్షన్‌లా హాయిగా ఉందన్నది.

సరుకు త్వరగా అమ్ముడుపోయే దుకాణం మా ఇంటికి రెండు నిమిషాల దూరంలో ఉంది కాబట్టి, 300 యెన్‌లు దాటిన ధరకు కూడా నేను కొంటూనే ఉంటాను. ఎండలో అరగంట మోసుకెళ్లవలసినవారికి మాత్రం డ్రై ఐస్ పెట్టి ఇచ్చే థర్టీ వన్ మేలు కావచ్చు. గుడ్డు ముట్టని ఇళ్లవారు ఈ మచ్చా కప్పు జోలికి వెళ్లకపోవడం మంచిది.