నాలుగు పోర్టుల పవర్డ్ హబ్: రాస్ప్‌బెర్రీ పై జీరోకి పనికొస్తుంది, ఒక వైరు కోస్తేనే

హనుమకొండ చౌరస్తా వైపు షాపుల్లో బ్రాండు పేరు లేకుండా, 5 వోల్టుల 2 ఆంపియర్ అడాప్టర్‌తో అమ్మే యూఎస్‌బీ 2.0 హబ్ (ఒక పోర్టును నాలుగుగా చేసే పెట్టె) ఇది. రాస్ప్‌బెర్రీ పై జీరో అనే చిన్న కంప్యూటర్ బోర్డుకి ఉన్నది ఒక్కటే డేటా పోర్టు, అదీ మైక్రో. మైక్రో పోర్టుకి మామూలు యూఎస్‌బీ ప్లగ్గు తగిలించే ఓటీజీ కేబుల్ విడిగా కొనాలి.

కీబోర్డు, వైఫై డాంగిల్, పెన్‌డ్రైవ్ కలిపి పెట్టినా తడబడదు. 2.5 అంగుళాల హార్డ్‌డిస్క్ తిరగడం మొదలుపెట్టేటప్పుడు దాదాపు 1 ఆంపియర్ లాగుతుంది. ఆ భారం బోర్డు మీద పడదు.

అసలు తంటా వేరే. ఈ హబ్ కరెంటును వెనక్కి, బోర్డు వైపు తోస్తుంది. బోర్డు అడాప్టర్ పీకేసినా పై జీరో నడుస్తూనే ఉంటుంది! కొనేముందే షాపులో చూడండి: హబ్ అడాప్టర్ ఆన్ చేసి, బోర్డుకి పెట్టాల్సిన ప్లగ్గును ఖాళీగా ఉంచి, మల్టీమీటర్‌తో 1, 4 పిన్నుల (రెండు చివర్లవి) మధ్య కొలవండి. 5 వోల్టులు చూపిస్తే, ఆ కేబుల్లో ఎర్ర వైరు ఒక్కటే కోసి టేపు చుట్టాలి. నల్లదాని జోలికి పోవద్దు, అది గ్రౌండ్.

అడాప్టర్ మీద రాసిన 2 ఆంపియర్లను నమ్మకండి. లోడు పెట్టినప్పుడు హబ్ పోర్టులో 4.75 వోల్టుల కంటే దిగితే మార్చేయండి. రెండు అడాప్టర్లూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో ఉండాలి. పై జీరో ఇన్వర్టర్ లైన్లో, హబ్ దాని బయట ఉంటే కరెంటు పోగానే డిస్క్ మధ్యలో ఊడి ఫైళ్లు పాడవుతాయి.