కాంపౌండ్ బలమా, ప్యాడ్ బలమా?

మేడారం జాతర అయిపోయిందంటే హన్మకొండలో కార్లకు పాలిష్ పట్టే నాకు ఫోన్‌లో ఒకటే ప్రశ్న. "అన్నా, ఎండల పెడితే బానెట్ మీద సాలెగూడు లెక్క గీతలు కనవడుతున్నయ్. ఏ కాంపౌండ్ కొనాలె?" ములుగు రోడ్డు దుమ్మంతా మీద వేసుకొచ్చిన బండిని ఇంటికి రాగానే పొడిగుడ్డతో తుడిస్తే ఇంకేమవుతుంది! కరీంనగర్ వైపు తిరిగేవాళ్లకైతే జాతర కూడా అక్కర్లేదు, రోజూ గ్రానైట్ లారీల వెనక పోతే చాలు.

నా పేచీ అసలు ఆ ప్రశ్నతోనే. కాంపౌండ్ అంటే గీతలు పోయేలా పెయింట్‌ను అరగదీసే పాలిష్, ప్యాడ్ అంటే దాన్ని రుద్దడానికి మెషీన్‌కు తగిలించే మెత్త. అందరూ సీసా గురించే అడుగుతారు, ప్యాడ్ గురించి ఒక్కరూ అడగరు.

పోయిన నెల ఒక నల్ల హోండా సిటీ వచ్చింది. వాటర్ వాష్‌లో ఏళ్ల తరబడి ఒకే గుడ్డతో రుద్దించుకున్న బండి. కడిగి, క్లే (అంటుకున్న మురికిని లాగే బంకముద్ద) కొట్టి, బానెట్‌ను మాస్కింగ్ టేపుతో మూడు ముక్కలుగా విడగొట్టాను. మొదటి ముక్క మీద రోటరీకి (ఒకే చోట గుండ్రంగా తిరిగే మెషీన్) ఊల్ ప్యాడ్ తగిలించి మెగ్వయర్స్ ఎం105, అంటే గట్టిగా కోసే, పెయింట్‌ను బాగా అరగదీసే కాంపౌండ్. రెండు నిమిషాల్లో గీతలు మాయం. కానీ టార్చ్ పక్కనుంచి వేస్తే, మెషీన్ తిరిగిన దారెంట తోకల్లాంటి మెరుపులు. హోలోగ్రామ్స్ అంటే ఇవే. నీడలో అద్దంలా ఉండి, సాయంత్రం ఎండకు పరువు తీస్తాయి. రెండో ముక్క మీద అదే ఎం105, ఈసారి డీఏ మెషీన్ (తిరుగుతూనే అటూ ఇటూ ఊగేది), మైక్రోఫైబర్ ప్యాడ్. గీతలు పోయాయి, సన్నటి మబ్బు మిగిలింది. మూడోదాని మీద డీఏకే మీడియం ఫోమ్ ప్యాడ్, మెగ్వయర్స్‌దే సన్నటి పాలిష్ ఎం205. నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి, మళ్లీ అట్లనే ఇంకో రెండుసార్లు. పాలిష్ జిడ్డు పోయేలా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ నీళ్లలో కలిపి తుడిచి చూశాను. లోతుగా పడ్డ రెండు గీతలు తప్ప ఏమీ లేవు. మెరుపు మాత్రం మూడింట్లో ఇదే మేలు.

అక్కడితో ఆగకుండా తలకిందులు చేసి చూశాను. ఎం205ను ఊల్ మీద వేస్తే నెమ్మదస్తుడనుకున్నది కాస్తా గట్టిగానే కోసింది. ఎం105ను నల్ల ఫినిషింగ్ ఫోమ్ మీద వేస్తే గీతలు సగం కూడా కదల్లేదు. సీసా మీద ఏం రాసి ఉన్నా, ఎంత కోయాలో చాలావరకు తేల్చేది ప్యాడే.

ఎంత కోయాలన్నది ఎందుకంత ముఖ్యమంటే, చాలా బండ్లకు క్లియర్ కోట్ (రంగు మీద ఉండే పారదర్శక పొర) 40, 50 మైక్రాన్లకు మించదు. తల వెంట్రుక కన్నా పలుచన. మనం గీతను తీయడం లేదు, దాని అడుగు దాకా చుట్టూ పొరను అరగదీస్తున్నాం. అంచుల దగ్గర ఆ పొర ఇంకా పలుచన. పని నేర్చుకునే రోజుల్లో మా బావ కారు డోర్ అంచు మీద ఊల్ ప్యాడ్ ఆనించి ప్రైమర్ (రంగు కింది పూత) తేల్చాను. పెళ్లిళ్లలో ఇప్పటికీ ఆ ముచ్చట చెప్తాడు.

కొనేటప్పుడు రంగు చూసి మోసపోవద్దు. మెగ్వయర్స్‌లో పసుపు ఫోమ్ పాలిషింగ్ ప్యాడ్, లేక్ కంట్రీలో అదే పసుపు కోతకు వాడే గట్టి ప్యాడ్. ఏ కంపెనీకి ఆ కంపెనీదే లెక్క. ప్యాకెట్ మీద కటింగా, పాలిషింగా, ఫినిషింగా అన్నది చదవండి. 5 అంగుళాల బ్యాకింగ్ ప్లేటుకు (మెషీన్‌కు ప్యాడ్ అతికే పళ్లెం) ఐదున్నర అంగుళాల ప్యాడ్లు, పిల్లర్లకూ అద్దాల వెనక సందులకూ 3 అంగుళాలవి.

ఒక్క ప్యాడ్‌తో బండంతా లాగించడం ఇంకో రోగం. వాడిన పాలిష్, ఊడొచ్చిన పెయింట్ పొడి ఫోమ్‌లో నిండిపోయి అదే కొత్త గీతలు గీస్తుంది. పానెల్‌కు ఒకసారి బ్రష్‌తో దులపాలి, రెండు మూడు పానెళ్లకు ప్యాడ్ మార్చాలి. బండికి కనీసం ఐదారు. ఖరీదైన రెండో సీసా మానుకుని ఆ డబ్బు ప్యాడ్ల మీద పెట్టమని నేను చెప్పేది అందుకే.

సీసాల్లో మెంజెర్నా కంపెనీ సంగతి కూడా అడుగుతారు. 400 గట్టి కోతకు, 2500 మధ్యరకం, 3500 చివరి మెరుపుకు. మంచి సరుకే. వాటిలో అరగదీసే పొడి రుద్దేకొద్దీ నలిగి సన్నమవుతుంది కాబట్టి మధ్యలో ఆపేయకూడదు. ఎం105, ఎం205లకు ఆ బాధ లేదు. అయితే ఎం105 త్వరగా ఎండి సున్నంలా రాలుతుంది. మన వరంగల్ మే నెల ఎండకు అది బానెట్ మీద అప్పడమే. పొద్దున ఆరింటి నుంచి తొమ్మిది లోపు, నీడలో, పానెల్ మీద చెయ్యి పెడితే చల్లగా ఉంటేనే ముట్టుకోండి.

చేత్తో రుద్దే క్రీములు, ఆల్ ఇన్ వన్‌లు (పాలిష్, వ్యాక్స్ ఒకే సీసాలో ఉండేవి): చాలావరకు గీతల్ని నింపి దాచడమే, నాలుగు వాష్‌లకు మళ్లీ బయటపడతాయి. తెల్లబండికి అదీ చాలనుకుంటే సరే.

జర్మన్ బండ్ల గట్టి పెయింట్ మీద మాత్రం ఎం205, ఫోమ్ ఒక్కోసారి చాలదు. అప్పుడు మైక్రోఫైబర్ తీస్తాను. ఊల్ అయితే డెంటింగ్, పెయింటింగ్ వాళ్లకే వదిలేశాను.

ఆ నల్ల సిటీ మొత్తాన్ని మూడో పద్ధతిలోనే ముగించాను. బానెట్ మీద ఆ రెండు గీతలూ ఇంకా ఉన్నాయి. గోరుకు తగులుతున్నాయి, పొర మిగలనీ అని కావాలనే వదిలాను. ఓనర్‌కు చూపిస్తే నవ్వాడు. "ఉండనియ్ అన్నా, మళ్ల జాతరకు పోవాలె గదా."